ఖాళీ వంటింట్లో పొంగిన పాలు

దయ్యం అనే మాట వింటే నాకు భయం రాదు, కోపం వస్తుంది. ఆడపిల్లల హాస్టల్లో ఏళ్ల తరబడి వంట చేసినదాన్ని నేను. బాత్రూంలో ఎవరో ఏడుస్తున్నారని పిల్లలు గుంపుగా వచ్చి నన్ను పట్టుకుంటే, చేతిలో గరిటెతోనే పోయి, కారుతున్న కుళాయి బిగించి వచ్చేదాన్ని. ఇదే మీ దయ్యం, పోయి పండుకోండి అని తిట్టేదాన్ని. గాలి సోకింది, దిష్టి తగిలింది, పూనకం వచ్చింది, ఇవేవీ నాకు పట్టవు. దేవుడికి దండం పెడతాను. ఆయన నా వంటింట్లోకి వచ్చి ఏదో చేస్తాడని ఏనాడూ అనుకోలేదు.

అట్లాంటిదాన్ని కూర్చుని ఇది రాస్తున్నానంటే కారణం మా వియ్యపురాలు. మేము ఇల్లు మారిన రోజు జరిగినదాన్ని ఆమె తిరుపతిలో సగం మందికి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కొంచెం కలుపుతుంది. ఇప్పుడు ఆ కథలో గంటలు మోగుతున్నాయంట, మల్లెపూల వాసన వచ్చిందంట. గంటలూ లేవు, మల్లెలూ లేవు. ఆ వంటింట్లో ఉన్నది నేను. అందుకని నేనే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినాక, ఆ హాస్టలు పిల్లల దగ్గరే. వాక్యం ఎక్కడన్నా వంకర పోతే సర్దుకోండి. విషయంలో వంకర లేదు.

మేము అప్పుడు అలిపిరి పోయే దారిలో ఒక అపార్టుమెంటులో అద్దెకు ఉండేవాళ్లం. మూడో అంతస్తు. నేను, నా కూతురు లత, అల్లుడు శేఖర్. లత ఆసుపత్రిలో నర్సు. అల్లుడు ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తాడు. నా మొగుడు పోయి చాలా కాలమైంది. అప్పటి నుంచి నేను కూతురి దగ్గరే. వాళ్లిద్దరూ ఉద్యోగాలకు పోతే ఇల్లు నాది. పొద్దున లేచి స్టవ్వు ముట్టించేది నేను, పాలు కాచేది నేను, రాత్రి గట్టు తుడిచి లైటు ఆర్పేది నేను.

ఆ ఇల్లు మేము కోరి వదల్లేదు. ఓనరు వదిలించాడు. తమ్ముడి పెళ్లి ఉంది, వాడిని కాపురం పెట్టించాలి అన్నాడు. అంతా అబద్ధం. ఆ బిల్డింగులో అప్పటికే సగం ఫ్లాట్లు కొండకు వచ్చే యాత్రికులకు రోజు అద్దెకు ఇచ్చేస్తున్నారు. లిఫ్టు తలుపు తెరిస్తే లోపల అందరూ కొత్త గుండ్లతో, తడి తువ్వాళ్లతో, పెట్టెలతో నిలబడి ఉండేవాళ్లు. పాపం వాళ్లను ఏమంటాం, దేవుడి కోసం వచ్చినవాళ్లు. నా కోపమంతా ఓనరు మీద. కాపురం ఉండేవాళ్లు గోడకు మేకు కొడితే గొడవ పెట్టుకునేవాడు, వచ్చేపోయేవాళ్లకైతే మంచాలు వేసి, ఏసీలు పెట్టి పిలుస్తాడు. మనుషులు బతికే ఇళ్లన్నీ ఇట్లా లాడ్జీలైపోతే ఊళ్లో ఉండేవాళ్లు ఎక్కడికి పోవాలి? నేను అడిగాను కూడా. ఆయన నవ్వి, సెల్లు చూసుకుంటూ పోయాడు.

లత తిరగ్గా తిరగ్గా తిరుచానూరు పక్క కొత్తగా కట్టిన అపార్టుమెంటులో ఇల్లు దొరికింది. మా వాటాలోకి అంతకుముందు ఎవరూ దిగలేదు. కొత్త ఇల్లు కాబట్టి పాలు పొంగించి చేరాలని అల్లుడి తల్లి సుశీలమ్మ పలమనేరు నుంచి ముందు రోజే వచ్చింది. పంచాంగం చూపించి పొద్దుటి పూట ఒక మంచి గడియ పెట్టించుకుని వచ్చింది.

ఆ సాయంత్రం ఇల్లంతా అట్టపెట్టెలు. అల్లుడు స్టూలెక్కి ఫ్యాను విప్పుతున్నాడు. లత ఒక పెట్టెకు టేపు వేస్తున్నది. నేను సామాన్లను పాత చీరల్లో మూట కడుతున్నాను. సుశీలమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. మనిషి చెడ్డది కాదు. నాకు కాళ్లు నొప్పులంటే పలమనేరు నుంచి నూనె కాచి పంపించిన మనిషి. అందుకే ఆమె నోట్లో నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు.

"వదినా, ఒక మాట సెప్తా. తప్పుగా అనుకోవద్దు."

"తప్పు మాట కాకపోతే ఎందుకనుకుంటా? సెప్పు."

"రేపు పాలు పొంగిచ్చే టయానికి నువ్వు ఆడ ఎదురుగా ఉంటే... నీకు తెలీంది కాదు గదా. పుణ్యస్త్రీలు చేసే పని. పిల్లలు సల్లగా ఉండాల. మేం ముందు పోయి ఆ పని కానిస్తాం. నువ్వు ఈడే ఉండి ఓనరుకు తాళాలిచ్చేసి, పాలు పొంగినాంక రా."

అల్లుడి చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. మళ్లీ తిరిగింది.

"ఈ రాత్రి పాలు ఎవరు కాస్తారు వదినా?" అన్నాను.

"నువ్వే."

"ఎల్లుండి పొద్దున ఆ కొత్తింట్లో?"

"నువ్వే కాస్తావు. అది వేరే, ఇది వేరే."

"ఏంది వేరే? పాలు వేరేనా, నా చెయ్యి వేరేనా?"

నేను లత వైపు చూశాను. నా కూతురు. చదువుకుంది, ఆసుపత్రిలో పుట్టేవాళ్లనూ పోయేవాళ్లనూ చూసిన పిల్ల. అది తల ఎత్తకుండా, టేపు పళ్లతో కొరికి, "మా, కాసేపే గదా" అన్నది.

అంతే. నేను లేచి బాల్కనీలోకి పోయి నిలబడ్డాను. సుశీలమ్మ మాట కంటే ఆ మాట నాకు ఎక్కువ మండింది. సుశీలమ్మ పాతకాలం మనిషి, ఆమెకు ఎవరో నేర్పించింది ఆమె చెప్పింది. దీనికి ఎవరు నేర్పించారు? నేను నేర్పించలేదు.

ఆ రాత్రే నేను నా బట్టలు విడిగా ఒక సంచిలో పెట్టుకున్నాను. పుత్తూరులో నా తమ్ముడున్నాడు. తాళాలు ఓనరు మొహాన కొట్టి, ఆటో ఎక్కి, బస్టాండుకు పోయి, పుత్తూరు బస్సు ఎక్కాలి. కొత్త ఇంటికి పోకూడదు. మొదటి రోజు పొయ్యి దగ్గర నిలబడడానికి పనికిరానిదాన్ని, రెండో రోజు నుంచి వంటకు మాత్రం ఎందుకు పనికిరావాలి? ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆపుతారు. ఆపినా ఆగే మనిషిని కాను, ఊరికే గొడవ.

మరుసటి పొద్దున టెంపో వచ్చింది. సామాన్లు లిఫ్టులో దించకూడదని వాచ్‌మన్ అడ్డం పడ్డాడు. అసోసియేషన్ వాళ్ల రూలంట. యాత్రికుల పెట్టెలు రోజంతా అదే లిఫ్టులో ఎక్కుతాయి, దిగుతాయి. కాపురం ఖాళీ చేసేవాళ్ల బీరువా మాత్రం ఎక్కకూడదు. మనుషులు బీరువాకు తాడు కట్టి మెట్ల మీద దించుతుంటే గోడలకు గీతలు పడ్డాయి. పడనీ అనుకున్నాను.

సుశీలమ్మ దేవుడి పటాలు తువ్వాలులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. ఉప్పు, పసుపు, కందిపప్పు, కొత్త గిన్నె ఒక బుట్టలో. పాల పాకెట్టు కింద అంగట్లో కొన్నారు. డబ్బులిచ్చింది నేనే. అంగడి మనిషి నా చేతికివ్వబోతే సుశీలమ్మ వెనక నుంచి చెయ్యి చాపి, "ఇటియ్యప్పా" అని తాను తీసుకుని బుట్టలో వేసుకుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ పాలు మా పాత ఇంటి గడప లోపలికి రాలేదు. స్టవ్వు, గ్యాసు బండ, ఫ్రిజ్జు అన్నీ ఆ టెంపోలోనే పోయాయి. పొద్దున మేము కాఫీ కూడా కింద బంకులోనే తాగాం. ఇంట్లో పాలచుక్క లేదు, పాలు కాచడానికి అగ్గిపుల్ల కూడా లేదు.

వాళ్లు పోయారు. ఇంట్లో మిగిలింది ఒక ప్లాస్టిక్ కుర్చీ, పాత చీపురు, ఒక గుడ్డ, నా సంచి. కుర్చీ కాలు విరిగింది, చీపురు పాతది, ఆ రెండూ కొత్తింటికి తీసుకుపోయేవి కావు. నన్ను కూడా వాటితో పాటే పెట్టి పోయారు.

ఇల్లు వదిలేటప్పుడు ఊడ్చకూడదంటారు. నేను ఊడ్చాను. కోపం వస్తే నాకు చేతులు ఊరుకోవు. గదులన్నీ ఊడ్చి, వంటింట్లో నల్ల గ్రానైటు గట్టు తడిగుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగా తుడిచాను. స్టవ్వు పెట్టిన చోట రాయి కొంచెం వన్నె తగ్గి ఉండేది. అక్కడ ఇంకా గట్టిగా రుద్దాను. కిటికీ మూశాను. కుళాయి కట్టేశాను. బయటికి వచ్చి ఆ కుంటి కుర్చీని గోడకు ఆనించి కూర్చున్నాను.

ముందు వాసన వచ్చింది. పాలు కాగి, పొంగుకు వచ్చే ముందు ఒక వాసన వస్తుంది. వంట చేసేవాళ్లకు అది తెలుస్తుంది. అవతల గదిలో ఉన్నా, మాటల్లో ఉన్నా, ఆ వాసనకు కాళ్లు వాటంతట అవే లేస్తాయి. పక్క ఫ్లాటులో నుంచి అనుకున్నాను. వెంటనే, పక్కది యాత్రికులకు ఇచ్చే ఫ్లాటు, అందులో స్టవ్వు లేదు కదా అని తట్టింది.

తర్వాత సుయ్‌మని శబ్దం. పాలు పొంగి మంట మీద పడితే వచ్చే శబ్దం.

నేను వంటింట్లోకి ఉరికాను. స్టవ్వు కట్టేయడానికి చెయ్యి కూడా ముందుకు చాపాను. కట్టేయడానికి అక్కడేమీ లేదు. ఉత్త రాయి. ఆ రాయి మీద, సరిగ్గా స్టవ్వు ఉండిన చోట, పాలు పొంగుతున్నాయి. గిన్నె లేదు, మంట లేదు. తెల్లగా నురగ లేచి, బుడగలు పగిలి, గట్టు మీద పరుచుకుని, అంచు నుంచి కింద చెక్క తలుపు మీదుగా నేల మీదికి కారుతున్నాయి. ఆవిరి లేస్తున్నది. పై కప్పు చూశాను, పొడిగా ఉంది. కుళాయి చూశాను, కట్టే ఉంది. వేలు పెట్టి చూశాను. చురుక్కున కాలింది. ఆ వేలే నోట్లో పెట్టుకున్నాను. పాలే. నీళ్లు కలపని, చక్కెర వేయని పాలు.

భయం వేసిందా అని అందరూ అడుగుతారు. లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతసేపు తుడిచిన గట్టు. "ఎవురే అది?" అని పెద్దగా అరిచాను. ఖాళీ ఇల్లు కాబట్టి నా గొంతు నాకే తిరిగి వచ్చింది.

పొంగు దిగింది. నురగ అణిగి, గట్టు మీద పాలు నిలిచాయి. చూస్తుండగానే పైన మీగడ కట్టడం మొదలైంది. అప్పుడు నా ఫోను మోగింది. లత.

"మా, ఈడ పాలు పొంగడం లే."

"మంట పెద్దది పెట్టు."

"పెద్దదే పెట్టినా. శానా సేపాయ. ఆవిరి కూడా రాలే. వేలు పెట్టి సూసినా మా, సల్లగా ఉండాయి."

వెనక నుంచి సుశీలమ్మ గొంతు వినిపిస్తున్నది. "ఆమెకెందుకు ఫోను? బండ మార్చి సూడండి" అని.

"లతా, ఈడ పొంగినాయి" అన్నాను.

"ఏంది మా?"

అంతలో తలుపు తోసుకుని ఓనరు వచ్చాడు. నేను ఫోను కట్టేశాను.

ఆయన తాళాల కోసం వచ్చాడు. వస్తూనే గోడల మీద గీతలు, మేకుల బొక్కలు చూసుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయాడు.

"ఏంది పెద్దమ్మా ఇది? ఇల్లు ఖాళీ చేసే రోజు ఈడ పాలు కాస్తారా ఎవరన్నా?"

"దేంతో కాస్తానప్పా? స్టవ్వు యాడుండాది సూపీ."

ఆయన వెతికాడు. సింకు కింద తలుపు తెరిచి చూశాడు, పైన అటక మీద చెయ్యి పెట్టి తడిమాడు, బాత్రూంలోకి పోయి చూసి వచ్చాడు. నా సంచి విప్పమన్నాడు. విప్పాను. నా చీరలు, మాత్రలు, తువ్వాలు. కరెంటు స్టవ్వు దాచానని అనుకున్నట్టున్నాడు. ఆఖరికి ఆ పాలల్లో అరచెయ్యి ఆనించి, అబ్బా అని వెనక్కి లాక్కుని విదిలించాడు. ఆ చెయ్యి చొక్కాకు తుడుచుకుంటూ నా మొహం చూశాడు. ఆ మనిషి మొహంలో నవ్వు లేకపోవడం నేను చూడడం అదే మొదలు.

"ఏందో చేసినారు మీరు. ఖాళీ చేయమన్నానని నా ఇంటికి ఏందో చేసి పోతా ఉండారు. రేపు మనుషులొచ్చి దిగాల ఈడ."

"చేతబడంటావా? నీ లాడ్జికి నేను పాలు పోసి చేతబడి చేస్తానా? పాలేమన్నా ఊరికే వస్తాయా? తమ్ముడు కాపురానికొస్తాడంటివే, రేపు దిగే మనుషులెవురు? సెప్పు."

"ముందు ఇది తుడువు."

"ఒకసారి తుడిసినా. ఇంగ ఇది నీ ఇల్లు, నీ గట్టు. నువ్వే తుడుసుకో."

తాళాలు ఆయన ముందు నేల మీద పెట్టి, సంచి తీసుకుని దిగి వచ్చేశాను. లిఫ్టులోనే దిగాను.

రోడ్డు మీదికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాక నా వేలు చూసుకున్నాను. బొబ్బ లేస్తున్నది. మళ్లీ ఫోను. ఈసారి అల్లుడు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి, కలిపి చెప్పడం రాదు.

"అత్తా, యాడుండావు?"

"రోడ్డు మీద."

"గిన్నెలో పాలు తగ్గిపోయినాయి అత్తా. సగం కూడా లేవు."

"ఒలికిపోయి ఉంటాయి."

"ఒలకలే. నేను గిన్నె ముందరే నిలబడుకోని ఉండా. స్టవ్వు మింద చుక్క లేదు."

లత ఫోను తీసుకుంది. "మా, రా" అన్నది. ఏడుస్తున్నట్టుంది. నేను వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆటో అతను ఎక్కడికి అని అడిగితే, నోట్లో బస్టాండు అనే మాటే ఉంది. కానీ తిరుచానూరు అన్నాను. కూతురు ఏడ్చిందని కాదు. ఆ గిన్నె నా కళ్లతో చూడకుండా బస్సు ఎక్కలేకపోయాను. బతుకంతా పాలు కాచినదాన్ని. మంట మీద పెట్టిన పాలు కాగకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

కొత్త అపార్టుమెంటులో మెట్ల మలుపు దగ్గర మా మంచం ఇరుక్కుని ఉంది. టెంపో మనుషులు దాని మీదే కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. నేను మంచం పక్క నుంచి దూరి పైకి పోయాను. పెట్టిన మంచి గడియ ఎప్పుడో దాటిపోయింది. సుశీలమ్మ చుట్టి పెట్టిన పరుపు మీద కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. దేవుడి పటాలు ఇంకా తువ్వాలులోనే ఉన్నాయి.

స్టవ్వు వెలుగుతూనే ఉంది. నీలం మంట, రెపరెప లేదు. మంట దగ్గర చెయ్యి పెట్టాను, సెగ తగిలింది. గిన్నె అంచు పట్టుకున్నాను. చల్లగా ఉంది. కుళాయి కింద నుంచి అప్పుడే తీసినట్టు. గిన్నెకు కట్టిన పసుపు దారం కూడా కమలలేదు. లోపల అడుగున కొంచెం పాలు. నేను స్టవ్వు కట్టేశాను. వేలు లతకు చూపించి, అక్కడ జరిగింది జరిగినట్టు చెప్పాను. లత నర్సు కదా, బొబ్బ చూడగానే వేడి నీళ్లో పాలో పడి కాలింది మా అన్నది. అని, తాను అన్నది తానే విని, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

సుశీలమ్మ లేచి వచ్చింది. నేను ఏదో అంటుందనుకున్నాను. ఆమె వంగి నా కాళ్లు పట్టుకుంది.

"అమ్మవారే నీ రూపంలో ఉండాది. నన్ను సమించు తల్లీ."

నాకు అప్పుడు వచ్చినంత కోపం ఆ ఓనరు మీద కూడా రాలేదు.

"లెయ్యి వదినా. నిన్న మనిషిని గాను, ఈ పొద్దు దేవతనా? మజ్జెలో ఇంకేం లేదా నీకు? నేను నీ కోడలి తల్లిని. నీకు వదిన్ని. అందుకు పొద్దున ఈడ ఒక కుర్చీ ఏసి పక్కన కూర్చోబెట్టుకోనుంటే సరిపోయుండు. లెయ్యి ముందు."

ఆమె లేచింది గానీ చేతులు జోడించే ఉన్నాయి. అల్లుడు చెప్పులేసుకుని పోయి ఇంకో పాల పాకెట్టు తెచ్చాడు. తెచ్చి, తల్లి వైపు చూడకుండా, నా చేతికిచ్చాడు. నేను ఆ పసుపు దారం గిన్నె ముట్టుకోలేదు. మూటల్లో వెతికి, రోజూ పాలు కాచే మా సొట్ట గిన్నె తీసి, కడిగి, స్టవ్వు మీద పెట్టాను. పాలు ఎప్పుడూ కాగినట్టే కాగాయి, ఎప్పుడూ పొంగినట్టే పొంగాయి. ఏ విశేషమూ లేదు. లత నా పక్కనే నిలబడి ఉంది.

"నిన్ననే నేను అడ్డం పలకాల్సింది మా" అన్నది, నాకు మాత్రమే వినపడేట్టు.

"పలకాల్సింది" అన్నాను. పోనీలే అని నేను అనలేదు. ఇప్పటికీ అనలేదు. కానీ సంచి విప్పి నా చీరలు ఆ ఇంటి అలమారలో పెట్టాను.

తర్వాత నేను ఊరికే ఉండలేదు. తెలిసినవాళ్లను అడిగాను. హాస్టల్లో నాకు అక్షరాలు నేర్పిన పిల్లల్లో ఒకామె ఇప్పుడు సైన్సు టీచరు. ఎవరైనా గట్టు మీద సున్నం పోసి ఉంటే, తడి తగిలి ఉడికి, తెల్లగా పొంగి ఉంటుంది పెద్దమ్మా అన్నది. మంచి మాటే. కానీ నేను అప్పుడే పొడిగా తుడిచిన గట్టు అది. సున్నానికి మీగడ కట్టదు. సున్నం నోట్లో పెట్టుకుంటే నాలుక ఊరుకోదు. సరే, ఆ గట్టుకు ఏదో ఒక కారణం ఉందనుకుందాం. అదే సమయానికి ఊరికి ఈ పక్క మంట మీద ఉన్న గిన్నె చల్లగా ఎందుకు ఉంది, అందులో పాలు ఎటు పోయాయి అంటే, అది మా పుస్తకాల్లో లేదు పెద్దమ్మా అన్నది. వేలు మీద మచ్చ ఇంకా ఉంది. ఓనరు మళ్లీ ఫోను చేయలేదు. ఆ ఫ్లాటులో ఇప్పుడు యాత్రికులు దిగుతున్నారని విన్నాను.

సుశీలమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆమె చెప్పిన కథ మా అపార్టుమెంటంతా ఎక్కింది. మొన్న పై అంతస్తులో కొత్తగా చేరబోయే ఆమె కుంకుమ భరిణె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. లతకు బొట్టు పెట్టింది. నా దగ్గరికి వచ్చి, పెట్టాలా వద్దా తెలియక, భరిణె మూత తీసి మళ్లీ మూసింది.

"పెద్దమ్మా, మీ చేత్తో పాలు పొంగిస్తే మంచిదంట గదా. మా ఇంటికి మీరే రావాల."

"మీ ఇంట్లో పెద్దోళ్లు లేరామ్మా?"

"మా అత్త ఉండాది. మామ పోయినాడు. ఆమె లోపల రూములో ఉంటుందిలే ఆ టయానికి."

"ఆమెను పొంగిచ్చమను. పొంగిచ్చినాంక నేనొచ్చి కాఫీ తాగిపోతా."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదని చూసి ఆపేసింది. అత్తనడిగి చెప్తాను అని పోయింది.

ఆ మంచి రోజు వచ్చింది. పైన మేళం మోగింది. పాలు బాగా పొంగాయంట, వాచ్‌మన్ దాకా అందరికీ పొంగలి పంచారు. వాళ్ల అత్త మాత్రం గది నుంచి బయటికి రాలేదంట. నన్ను కాఫీకి పిలవలేదు.

పొయ్యి లేని గట్టు మీద ఆ రోజు పాలు ఎట్లా పొంగాయో నాకు తెలియదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వింటాను. పై ఇంట్లో ఆ పెద్దామెను గదిలో కూర్చోబెట్టి తలుపేసినాక కూడా పాలు అంత చక్కగా ఎట్లా పొంగాయో, అది కూడా నాకు అర్థం కాలేదు.